ఇటలీలో ఒక పాల పట్నం: మేము చూసినవి, నేర్చినవి

(కొండగట్టు దిగువన జరిగిన పాల సంఘాల అధ్యక్ష, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చూడగానే మీలో చాలామందికి రిజిస్టర్లు గుర్తుకు వస్తాయని మాకు తెలుసు. ముప్పయ్యేండ్లుగా మీ ఊళ్లకు వచ్చి పుస్తకాలు తెరవమనడమే మా పని. ఈ తడవ మాత్రం నిర్వాహకులు, "ఇటలీ పోయి వచ్చిండ్రట గదా, ఆ ముచ్చట చెప్పండి" అన్నారు. పొద్దున అంజన్నను దర్శించుకుని మెట్లు దిగుతూ ఏం చెప్పాలా అని ఆలోచించాము. వింతలు చెప్పి నవ్వించి పంపడం తేలిక. కాని మేము అక్కడ చూసిన ఒక పని మన సంఘాలలో జరగవలసిన పనే గనుక, దాని దాకా వచ్చే వరకు ఓపికతో వినవలసిందిగా మనవి.

మేము వెళ్లింది సర్కారు ఖర్చుతో కాదు. మా అమ్మాయి అక్కడ ఆహార శాస్త్రం చదువుతున్నది. ఈ మధ్య మన తెలుగు పిల్లలు ఉపకార వేతనాల మీద ఇటలీకి బాగానే వెళ్తున్నారు. సంపాదిత సెలవు పెట్టి, మా శ్రీమతితో కలిసి పదిహేను రోజులు బిడ్డ దగ్గర ఉండి వచ్చాము. ఆ ఊరి పేరు రెజ్జో ఎమీలియా.

ఊరి సంగతి

రెజ్జో ఎమీలియా జనాభా సుమారు లక్షా డెబ్భై వేలు. అంటే మన కరీంనగర్ కంటే చిన్నది. పో అనే పెద్ద నది మైదానంలో ఉంటుంది. కొండగట్టు వంటి గుట్ట ఊరి దగ్గర ఒక్కటీ లేదు. మబ్బు లేని రోజు దక్షిణాన దూరంగా పర్వతాల వరుస కనిపిస్తుంది. మిగతా అంతా చదును నేల, గడ్డి పొలాలు, నీటి కాలువలు. ఊరి నడిమధ్యగా పోయే బాట క్రీస్తు పూర్వం 187లో రోమనులు వేసినది. ఆ బాట మీదనే ఇవ్వాళ డెబ్భై ఏండ్ల ముసలమ్మలు సైకిలు బుట్టలో కూరగాయలు పెట్టుకుని హాయిగా పోతుంటారు. మా శ్రీమతి అది చూసి, "మన ఊళ్లో నేను సైకిలు తొక్కితే జనం పని మానుకుని చూస్తరు" అన్నది.

ఆ దేశపు మూడు రంగుల జెండా పుట్టింది ఈ ఊళ్లోనే. 1797 జనవరి 7న ఒక సభలో దాన్ని మొదటిసారి తమ జెండాగా ఒప్పుకున్నారు. ఆ సభ జరిగిన హాలులోనే ఈనాటికీ పురపాలక సంఘం కూర్చుంటుంది.

ఊరికి పెద్ద చౌరస్తా ఒకటున్నది. ఒక పక్క చర్చి, ఒక పక్క పురపాలక భవనం. దాని పేరు ప్రాంపొలీని చౌరస్తా. ప్రాంపొలీని ఎవరని అడిగాము. రాజు కాదు, సేనాపతి కాదు. 1859లో పుట్టి 1930లో పోయిన ప్రజానాయకుడు. కూలీలను, రైతులను కూడగట్టి సహకార సంఘాలు పెట్టించడానికి జీవితమంతా పాటుపడినవాడు. సహకారం నేర్పినవాని పేరు నడి చౌరస్తాకు పెట్టుకున్న ఊరిని మేము అంతకుముందు చూడలేదు.

సహకార డిప్లొమా చదివే రోజుల్లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ నేతగాండ్ల గురించి, జర్మనీలోని రైఫైజెన్ గురించి, ఇటలీలోని లుజ్జాట్టి గురించి పరీక్ష కోసం బట్టీ పట్టాము. 1865లో మిలాన్‌లో లుజ్జాట్టి ప్రజా బ్యాంకు పెట్టెనని రాసి మార్కులు తెచ్చుకున్నాము. ఆ సంగతులు పుస్తకంలోనే ఉండిపోయినవి. ఇక్కడ మాత్రం అవి రోడ్డు మీద కనిపించినవి. ఇరవయ్యో శతాబ్దపు మొదటి పదేండ్లలో ఈ ఊరి కూలి సంఘాలే ఒక రైలు మార్గం వేసి, తామే నడిపినవి. 1920లలో ఫాసిస్టులు ఆ ప్రాంతపు సంఘాల మీద దాడులు చేసి చాలావాటిని స్వాధీనం చేసుకున్నారు. యుద్ధం అయిపోగానే ఊరివాళ్లు మళ్లీ మొదలుపెట్టారు.

1945లో యుద్ధం ముగిసినప్పుడు పక్కనున్న విల్లా చెల్లా అనే పల్లెలో జర్మన్ సేన ఒక ట్యాంకును, కొన్ని లారీలను, గుర్రాలను విడిచిపెట్టి పోయింది. ఊరివాళ్లు వాటిని అమ్మి, ఆ సొమ్ముతో చిన్నపిల్లలకు బడి కట్టుకున్నారు. ఇటుకలు తామే మోశారు. అక్కడ మొదలైన శిశు విద్యా పద్ధతిని చూడటానికి ఇప్పుడు అన్ని దేశాల నుంచి పంతుళ్లు వస్తున్నారు. సమష్టి సొమ్ము చేతికి వచ్చినప్పుడు దానితో ఏం చేస్తారన్నది ఊరి గుణాన్ని చెబుతుంది. మన సంఘాలలో బోనసు పంచే ముందు ఈ పల్లెను ఒకసారి తలచుకోవచ్చు.

పాలు గడ్డగా మారే చోటు

ఇక మన పనికి వద్దాము. ఈ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది పాల వల్ల. ఇక్కడా, పొరుగున పార్మా, మోదెనా జిల్లాలలోనూ, ఇంకా పక్కన కొంత మేరలోనూ తయారయ్యే చీజ్‌ను పార్మిజానో రెజ్జానో అంటారు. మనం ఈనిన బర్రె పాలతో చేసుకునే జున్ను వంటిది కాదు. పాలను విరిచి, నీరు తీసి, ఉప్పునీళ్లలో ఊరబెట్టి, కనీసం పన్నెండు నెలలు ఆరబెట్టిన గట్టి గడ్డ. రెండేండ్లు, మూడేండ్లు ఆరినదానికి ధర ఎక్కువ.

ఒక తెల్లవారి మా అమ్మాయి ఒక సహకార చీజ్ కేంద్రానికి తీసుకుపోయింది. చుట్టుపక్కల రైతులే దానికి వాటాదారులు. రోజుకు రెండు పూటలా పాలు పిండుతారు. పిండడం అయిన రెండు గంటల లోపల పాలు కేంద్రానికి చేరవలె. సాయంత్రం పాలను వెడల్పాటి తొట్లలో రాత్రంతా ఉంచి, పైకి తేలిన మీగడ తీస్తారు. పొద్దున వచ్చిన పాలను మీగడ తీయకుండా అందులో కలిపి, గంట ఆకారంలో ఉండే రాగి కొప్పెరలలో పోస్తారు. పాలు, ఉప్పు, తోడుకోవడానికి వేసే పదార్థం తప్ప మరేదీ కలపరు. ఆ పదార్థం దూడ కడుపు నుంచి తీసినది. అది విన్నాక మా శ్రీమతి చేతిలో ముక్కను నెమ్మదిగా పక్కన పెట్టింది. అక్కడివాళ్లు ఏమీ అనుకోలేదు. ఉన్న సంగతి దాచకుండా చెప్పినందుకు మేము మెచ్చుకున్నాము.

ఒక గడ్డ బరువు సుమారు నలభై కిలోలు. దానికి పట్టే పాలు దాదాపు 550 లీటర్లు. రోజుకు 550 లీటర్లు పోసే సంఘం మనలో మంచి సంఘం కిందనే లెక్క. ఆ ఊరందరి కష్టం కలిపితే ఒక్క గడ్డ! దాని డబ్బు పూర్తిగా చేతికి రావడానికి ఏడాది, రెండేండ్లు పడుతుంది. అంతవరకు సంఘం సభ్యులకు కొంత బయానా ఇచ్చి, అమ్మకం అయినాక మిగతాది లెక్క చూసి ఇస్తుంది. రైతు అంతకాలం ఆగగలుగుతున్నాడంటే తన సంఘం లెక్క మీద అతనికి ఎంత గురి ఉండాలో ఆలోచించండి. మన దగ్గర పదిహేను రోజుల బిల్లు ఇరవయ్యో రోజుకు పోతే ఏమవుతుందో మీకే తెలుసు.

ఈ ఓపికకు బ్యాంకు కూడా ఒక దారి చూపింది. ఈ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఒక బ్యాంకు, చీజ్ గడ్డలను తన గిడ్డంగిలో కుదువ పెట్టుకుని అప్పు ఇస్తుంది. మనకు వడ్ల గిడ్డంగి రసీదు మీద అప్పు ఇచ్చినట్లే. సరుకు ఆరుతున్న కొద్దీ విలువ పెరుగుతుంది, తాకట్టూ గట్టిపడుతుంది.

సుత్తి పట్టిన మనిషి

మేము చెప్పదలచిన అసలు ముచ్చట ఇది.

ఆరబెట్టే గదిలోకి పోతే మన దేవాలయ మంటపం వలె ఉంటుంది. నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, అరల నిండా పసుపు పచ్చని గడ్డలు, వేల కొద్దీ. 2012 మేలో ఆ ప్రాంతంలో రెండుసార్లు భూకంపం వచ్చి ఇటువంటి అరలు కూలి లక్షల గడ్డలు నేలపాలైనవట. తినదగిన ముక్కలను దేశమంతా కొని ఆ సంఘాలను నిలబెట్టింది.

ప్రతి గడ్డ అంచు చుట్టూ చుక్కల అక్షరాలతో పేరు, తయారైన నెల, సంవత్సరం, తయారు చేసిన కేంద్రం నంబరు ఉంటాయి. అటువంటి కేంద్రాలు సుమారు మూడు వందలు ఉన్నవి. ఏటా దాదాపు నలభై లక్షల గడ్డలు చేస్తారు. అందులో ఏ ఒక్కటి చెడినా ఎవరిదో నంబరు చెబుతుంది.

గడ్డకు పన్నెండు నెలలు నిండినాక ఒక మనిషి వస్తాడు. చేతిలో చిన్న సుత్తి. గడ్డను తిప్పుతూ తడుతాడు, చెవి పెట్టి వింటాడు. కుమ్మరి అంగట్లో మన అమ్మలు కుండను తట్టి విన్నట్లే. లోపల బీట ఉన్నా, గాలి బుడగ ఉన్నా చప్పుడు మారుతుంది. బాగుంటే నిప్పు ముద్ర వేస్తారు. కొద్ది లోపం ఉంటే రెండో తరగతి అని తెలిసేటట్లు చుట్టూ గీతలు గీస్తారు. లోపం పెద్దదైతే ఆ చుక్కల అక్షరాలను గీకి పేరే చెరిపేస్తారు. తరువాత అది ఉత్త చీజ్, పార్మిజానో కాదు.

మేము అడిగిన మొదటి ప్రశ్న ఇన్‌స్పెక్టరు బుద్ధితో అడిగినదే: "ఈ మనిషికి జీతం ఎవరిస్తారు?" అతడు ఆ కేంద్రం నౌకరు కాదు. కేంద్రాలన్నీ కలిసి 1934లో మొదలుపెట్టుకున్న ఉమ్మడి సంస్థ తరఫున వస్తాడు. అంటే తమ సరుకు బాగాలేదని చెప్పే మనిషిని ఆ రైతులే పెట్టుకున్నారు, ఆ ఖర్చు తామే భరిస్తున్నారు. "పేరు చెరిపేస్తే మీకు నష్టం కాదా?" అని కేంద్రం పెద్దమనిషిని అడిగాము. మా అమ్మాయి తర్జుమా చేసిన జవాబు ఇది: "చెరపకపోతే మిగతా మూడు వందల కేంద్రాలకు నష్టం."

పాలు పిండే చేతులు

ఆ కేంద్రానికి పాలు పోసే ఒక కొట్టానికి పోయాము. తలపాగా కట్టుకున్న సర్దార్జీ ఒకాయన ఎదురొచ్చి హిందీలో పలకరించాడు. ఆశ్చర్యపోయాము. అక్కడ ఆశ్చర్యం ఏమీ లేదట. 1980ల నుంచి పంజాబీలు ఆ ప్రాంతపు కొట్టాలలో పనికి కుదురుతూ వచ్చారు. ఊరికి ఉత్తరాన నొవెల్లారా అనే చిన్న పట్నంలో 2000 సంవత్సరంలో పెద్ద గురుద్వారా వెలిసింది. ఇటలీ రైతుల పిల్లలు చదువుకుని కొట్టం విడిచిపెట్టినప్పుడు, తెల్లవారుజామున లేచి ఆవులను చూసింది ఈ చేతులే. ఆవుకు ఆదివారం ఉండదు, పండుగ ఉండదు.

ఆయన మాకు చాయ పోసి, మన బర్రెలు ఎన్ని లీటర్లు ఇస్తాయని అడిగాడు. తన కొడుకు మాత్రం లారీ నడుపుతున్నాడట, కొట్టం వైపు రాడట. అది చెబుతూ నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. మన జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఏ ఊరికి పోయినా కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, ఇంట్లో కోడలు, అత్త రెండు బర్రెలను సాదుతుంటారు. మన పాల కేంద్రం ముందు వరుసలో నిలబడే వారిలో ఎక్కువ మంది వీరే. బిడ్డ మా ఎదుట ఇటలీలో చదువుతుంటే, మేము ఇతరుల పిల్లలను ఊళ్లో ఉండమని చెప్పే అర్హత మాకు లేదు. కాని ఊళ్లో ఉండి పాలు పోసేవారికి న్యాయం జరిగేటట్లు చూడటం మాత్రం మా పనే, మీ పనే.

మా తప్పు ఒకటి

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. ఊరు పేరు చెప్పము.

కొన్నేండ్ల కిందట ఒక సంఘానికి తనిఖీకి వెళ్లాము. కూడికలు సరిగా ఉన్నవి, వోచర్లు ఉన్నవి, నగదు సరిపోయింది. సంతకం పెట్టి లేవబోతుంటే ఒక పెద్దమ్మ అడ్డం వచ్చింది. "సారూ, నా బర్రె ఈనిన కొత్తల్ల గూడ వెన్న ఆరే రాసిండ్రు, వట్టిపోయే ముంగట గూడ ఆరే రాస్తున్నరు. పాలు మారినయి గని రాత మారలే. గిదెట్ల సారూ?"

రిజిస్టరు మళ్లీ తెరిచాము. ఎనిమిది నెలలు, రెండు పూటలా, ఆరు. పక్క పేరు చూస్తే అక్కడా రోజూ ఒకే అంకె. పాడి తెలిసిన ఎవరికైనా ఇది కుదరదని తెలుసు. ఈనిన కొత్తలో వెన్న ఒక తీరు, పాలు తగ్గే కాలంలో ఇంకో తీరు. పొద్దుటికీ సాయంత్రానికీ తేడా ఉంటుంది. మేత మారితే మారుతుంది. ఏ బర్రే ఎనిమిది నెలలు ఒకే అంకె మీద నిలబడదు. ఆ పుస్తకంలో అంతకుముందు ఏడాది తనిఖీ సంతకం కూడా మాదే. కూడిక సరిపోయిందా అని చూశాము గాని, కూడిన అంకె నిజమా అని అడగలేదు.

మర్నాడు ఆమె పాలను అందరి ముందు పరీక్ష చేయించాము. ఏడుంపావు దాటింది. విచారిస్తే తేలిందేమంటే, పరీక్ష మిషను చెడిపోయి చాలా రోజులైంది. బాగు చేయించమని పరీక్షకుడు అడిగితే ఖర్చని కార్యవర్గం వాయిదా వేసింది. అతడు భయపడి అందాజాగా రాస్తూ పోయాడు. ఎవరూ దొంగ కాదు. కాని ఆమెకు సంఘం ఎంత బాకీ పడిందో లెక్క కట్టే దారి లేకుండా పోయింది, ఎందుకంటే నిజమైన అంకె ఎక్కడా రాసి లేదు. కార్యవర్గం ఎంతో కొంత ఇచ్చి సరిపెట్టింది. అప్పటికే తొమ్మిది ఇండ్లవారు ప్రైవేటు పాలవానికి పోయడం మొదలుపెట్టారు. తిరిగి వచ్చింది ఇద్దరే.

ఇటలీలో ఆ సుత్తి చప్పుడు విన్నప్పుడు మాకు ఆ పెద్దమ్మ గొంతే వినిపించింది. ఆమె చేసినదీ అదే పని. అంకెను తట్టి చూసింది. మేము చేయవలసిన పని ఆమె చేసింది.

మనం ఏం చేయవచ్చు

అక్కడిదంతా మనకు పనికివస్తుందని మేము అనము. వారిది ఆవుల పాడి, మనది ఎక్కువగా బర్రెల పాడి. వారి సర్కార్లు రైతుకిచ్చే సాయం వేరు. అక్కడ కూడా చిన్న కొట్టాలు, చిన్న కేంద్రాలు ఏటేటా తగ్గిపోతున్నవి, అదీ నిజమే. సహకారానికి మనం ఇటలీ దాకా పోనక్కరలేదు కూడా. మన ముల్కనూరులో 1956లో మొదలైన సంఘం ఉన్నది. అక్కడే 2002లో మహిళలు తమ డెయిరీ తామే పెట్టుకుని నడుపుతున్నారు. చూడనివారు ఒకసారి చూసి రావలె.

కాని ఆ సుత్తిని మాత్రం మనం తెచ్చుకోవచ్చు. అందుకు మూడు మనవులు.

ఒకటి: వెన్న పరీక్ష పాలు పోసినవారి కండ్ల ముందు జరగవలె. వచ్చిన అంకె అప్పటికప్పుడే వారి పాసుపుస్తకంలో పడవలె. చదువు రానివారికి పైకి చదివి చెప్పవలె.

రెండు: నెలకొకసారి, ముందుగా చెప్పకుండా, అయిదారుగురి నమూనాలను పేర్లు లేకుండా నంబర్లు వేసి మళ్లీ పరీక్ష చేయించండి. చేసేది మీ పరీక్షకుడు కాకూడదు. పక్క ఊరి సంఘం పరీక్షకుణ్ని పిలవండి, మీవాణ్ని అక్కడికి పంపండి. దీనికి పెద్ద ఖర్చు లేదు.

మూడు: మిషను చెడితే ఆ సంగతి బోర్డు మీద రాయండి. చెడిపోయిందని రాస్తే ఒక రోజు మాట పడుతుంది. దాచి అంకెలు రాస్తే సంఘమే పోతుంది.

మా వైపు నుంచి ఒక మాట. ఇక మీదట మేము తనిఖీకి వచ్చినప్పుడు మొదట క్యాష్ బుక్కు అడగము. వెన్న రిజిస్టరు అడుగుతాము. వరుసగా ఒకే అంకె కనిపిస్తే, ఆ సభ్యురాలి ఇంటికి పోయి ఆ బర్రెను చూసి వస్తాము. ఇప్పటికే మూడు సంఘాలలో అట్లా చేశాము. రెండింటిలో సరిగా ఉన్నది. ఒకదాంట్లో లేదు, సరిదిద్దుకున్నారు.

తిరుగు ప్రయాణం నాడు మా అమ్మాయి ఒక ముక్క చీజ్ కట్టి ఇచ్చింది. ఆ అంచు మీద చుక్కలు, కేంద్రం నంబరులో రెండంకెలు ఉన్నవి. బల్ల మీద ఉన్నది, భోజనాల వేళ అందరూ చూడవచ్చు. తినడం, తినకపోవడం మీ ఇష్టం. ఆ నంబరును మాత్రం వేలితో తడిమి చూడండి.

సాయంత్రం పాల వేళ అవుతున్నది, మీ బస్సులకు ఆలస్యం చేయము.